గరిటె చెక్కతో చేసిన ఫ్లోటు

మా బావకు మోటారు సైకిలు తోలడం కన్నా విప్పడం ఎక్కువ ఇష్టం. ఇది ఆయన వెనక అంటున్న మాట కాదు. ఆయన ముందే అన్నాను. మెచ్చుకోలు అనుకుని సంతోషించాడు.

యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు తమకు అక్కరలేనివన్నీ మద్రాసులో వేలం వేశారు. అందులో ఒక మోటారు సైకిలు, పక్కన తగిలించిన తొట్టితో సహా, చేతులు మారుతూ మారుతూ ఉదయగిరి చేరి మా బావ చేతిలో ఆగింది. "ఇది జపానోళ్ల మీదికి పోవాల్సిన బండి" అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అది జపానోళ్ల మీదికి ఎందుకు పోలేదో, ఒకసారి ఎక్కినవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

స్వాతంత్ర్యం వచ్చి మూడు నాలుగేళ్లయిన రోజులవి. నేను మద్రాసులో బి.ఏ. ముగించి, ఉద్యోగం వచ్చేదాకా ఉందామని ఉదయగిరిలో అక్క ఇంటికి వచ్చాను. ఉద్యోగం తొందరపడలేదు. బావకు దుత్తలూరు పక్కన మెట్ట పొలం ఉండేది. దాన్ని చూసుకోవడానికని బండి కొన్నాడు. కొన్నాక బండిని చూసుకోవడానికే తీరిక చాలక పొలానికి పోవడం మానుకున్నాడు.

బావ లెక్కలో బండికి వచ్చే రోగాలన్నీ ఒక్కచోటే పుడతాయి. అది కార్బురేటరు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పిడికెడంత వస్తువు. చక్రంలో గాలి పోయినా ముందు దాన్నే విప్పేవాడు. ఆదివారం పొద్దున్నే వసారాలో, మా అత్తమ్మ, అంటే బావవాళ్ల అమ్మ, వడియాలు పెట్టుకునే పాత పంచె పరిచి కూర్చునేవాడు. ఆ ఏడాది వడియాలను పొయ్యి దగ్గరికి తీసుకుపోవడానికి ఇంటిల్లిపాదీ జంకాం.

మరలు విప్పి, ముక్కలను పంచె మీద వరసగా పేర్చి, సోడాబుడ్డిలోంచి పెట్రోలు గిన్నెలోకి వంచి ఒక్కొక్కదాన్నీ కడిగేవాడు. అందులో జెట్టు అని ఒక చిన్న ఇత్తడి ముక్క. పెట్రోలు పైకి చిమ్మేది దానికుండే సన్నటి బెజ్జంలోంచే. బావ దాన్ని కోడి ఈకతో దువ్వి, నోట్లో పెట్టుకుని ఊది, తుపుక్కున ఉమ్మి, ఒక కన్ను మూసి ఆ బెజ్జంలోంచి ఉదయగిరి కొండను చూసేవాడు.

"కొండ కనపడతా ఉండాది" అనేవాడు తృప్తిగా.

కొండ జెట్టు లేకుండా కూడా కనపడుతుందని మేమెవరం అనేవాళ్లం కాదు.

బిగించడం అయ్యాక ఏదో ఒకటి మిగిలేది. ఒక వాషరో, ఒక స్ప్రింగో. "కంపెనీవాడు ముందుజాగ్రత్తకు ఒకటి ఎక్కువేస్తాడు" అని దాన్ని తలనొప్పి మందు డబ్బాలో వేసుకునేవాడు. ఆ డబ్బా నిండుతూ వచ్చింది. అందులో ఉన్నవాటితో ఇంకో కార్బురేటరు తయారవుతుందనీ, బహుశా అదే బాగా పనిచేస్తుందనీ నాకు అనిపించేది.

ఈ పూజకు వసారాలో ఒక శాశ్వత భక్తుడు కూడా ఉండేవాడు. పక్కింటి రిటైరు హెడ్ కానిస్టేబులు. ఆయన జన్మలో ఏ వాహనమూ తోలలేదు. కాని లైసెన్సు లేనివాళ్లను చాలామందిని పట్టుకున్నాడు. ఆ అనుభవంతో సలహాలిచ్చేవాడు.

ఇంట్లో నిజంగా పని నేర్చుకున్న మనిషి మా అక్క ఒక్కతే. పెళ్లికి ముందే టీచరు ట్రైనింగు ప్యాసై, పెళ్లయ్యాక ఆ సర్టిఫికెట్టును ట్రంకుపెట్టె అడుగున పెట్టి, పప్పు రుబ్బుతూ కూర్చుంది. ఆత్మకూరు ఆడపిల్లల బడిలో ఒక పంతులమ్మ కావాలని తెలిసినప్పుడు అత్తమ్మను అడిగింది. అత్తమ్మ చాలా రోజులు వినపడనట్టు ఉండి, చివరికి ఒప్పుకుంది.

"ఈ ఒక్కతూరికి పో. వచ్చిందా, చేసుకో. రాకపోయిందా, మళ్లా నా ముందర ఉద్దేగం మాట ఎత్తబాకు."

బడులను తనిఖీ చేసే ఇన్‌స్పెక్ట్రెసమ్మ ఆత్మకూరుకు వచ్చి పదిగంటలకు పిలుస్తుందనీ, పని కాగానే మధ్యాహ్నం బస్సుకు సంగం మీదుగా నెల్లూరు పోతుందనీ, రానివాళ్ల కోసం ఆగదనీ కబురు వచ్చింది. ఉదయగిరి నుంచి పొద్దున బస్సు ఎక్కితే పదికి ముందే దిగవచ్చు. అంటే అక్క చేయాల్సిందల్లా బస్సెక్కడమే. మోటారున్న ఇంట్లో అదంత సులభం కాదు.

ఆ ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పెద్దవాళ్ల ముందు కోడలు మొగుడితో నేరుగా మాట్లాడకూడదు. కాబట్టి అక్క బావతో చెప్పదలచుకున్నవన్నీ నాతో చెప్పేది, ఆయన పక్కనే నిలబడి. బావ కూడా ఆ మాటలు నేను అందించేదాకా వినపడనట్టు కూర్చునేవాడు. బి.ఏ. చదివాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే.

"ఒరే, రేపు పొద్దున బస్సుకు పోతానని మీ బావతో చెప్పు" అంది అక్క.

"బస్సుకు పోతుందట" అన్నాను.

"మోటారుండే ఇంటి ఆడమనిషి బస్సెక్కిందంటే ఊళ్లో నా మొహం యాడ పెట్టుకునేది? ఆ మేకలేంది, కోళ్లగంపలేంది, బీడీల పొగేంది! గంటలో దించతానని చెప్పు మీ అక్కకు."

"మొన్న దుత్తలూరుకు పోయిన బండి ఎద్దులబండి మీద ఎక్కి ఇంటికొచ్చినాదని గుర్తుచెయ్యరా మీ బావకు."

"అది కార్బురేటరు దోషం. ఇప్పుడు విప్పి ఒక్కతూరి కడిగినానంటే..."

"కడగొద్దని చెప్పు!" అక్క గొంతు మొదటిసారి లేచింది. "నడస్తా ఉండేదాన్ని కడగొద్దని చెప్పరా!"

నేను చెప్పేలోపల బావ పంచె పరిచేశాడు.

ఈసారి ఆయనకు నిజంగానే ఒక దోషం దొరికింది. ఇన్నాళ్ల వెతుకులాటలో ఇదే మొదటిది. కార్బురేటరు పక్కన చిన్న గిన్నెలాంటిది ఉంటుంది. పెట్రోలు ముందు దాంట్లోకి వస్తుంది. ఆ పెట్రోలు మీద ఫ్లోటు అనే బోలు ఇత్తడి డబ్బీ తేలుతుంటుంది, తాంబూలానికి సున్నం పెట్టుకునే సున్నపుకాయను అన్ని పక్కలా మూసేసినట్టు. గిన్నె నిండేకొద్దీ అది పైకి లేచి, తన నడుమ ఉన్న సూదితో పెట్రోలు దారి మూసేస్తుంది. అది తేలకపోతే దారి మూసుకోదు, పెట్రోలు పొంగి కారిపోతుంది. దాని బతుక్కు తేలడమొకటే పని. బావ దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల గలగలమంది. అతుకు ఊడి పెట్రోలు లోపలికి దిగింది.

"చూసినావా? విప్పబట్టి గదా తెలిసింది!" అన్నాడు, ఇంట్లో దొంగను పట్టుకున్నవాడిలా.

నిన్నటిదాకా ఆ గలగలతోనే బండి ఎలాగో నడిచింది గదా అన్నాను. బావ దాన్ని పట్టించుకోలేదు.

అతుకు వేయించాలంటే నగలు చేసే ఆచారి దగ్గరికి పోవాలి. పోయాం. ఆచారి ఆ డబ్బీని వేళ్లమధ్య తిప్పి చూశాడు. అంగట్లో ఇంకా నలుగురున్నారు. నలుగురున్నప్పుడు ఆచారికి నోరు ఊరుకోదు.

"ఏంది సామీ, బండికి ముక్కుపుడకా? చెవులు గూడా కుట్టించేద్దామా?"

నలుగురూ నవ్వారు. బావ ఫ్లోటును లాక్కుని జేబులో వేసుకున్నాడు.

"ఇట్టా ఇయ్యి సామీ, మాటల్లోనే అతికించేస్తాను" అని ఆచారి వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. బావ వీధి దాటేదాకా వెనక్కి తిరగలేదు. బండి పరువు పోతే పోయింది, తన పరువు మాత్రం ఆచారి కొలిమిలో పెట్టనన్నాడు నాతో. ఆ రెండింటి మధ్యా అక్క ఉద్యోగం ఉందని ఆయనకు గుర్తున్నట్టు లేదు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే సాయిబులున్నారు. కొండ చెక్కతో గరిటెలూ, ముళ్ల చెంచాలూ, కాడలకు లతలూ చెక్కి ఇస్తే పెద్దపెద్ద దొరల బల్లల మీదికి పోతాయని ఊరికి గొప్ప. బావకు ఆ గొప్ప ఆ సాయంత్రం పనికొచ్చింది.

"చెక్క తేలతాదా లేదా?" అన్నాడు నాతో.

"తేలుతుంది."

"ఇత్తడి తేలతాదా?"

"డబ్బీ చేస్తే..."

"ఉత్త ఇత్తడి తేలతాదా?"

"తేలదు."

"మరి కంపెనీవాడికి బుద్ధుండాదా?"

ముసలి సాయిబు తన అరుగుమీద కాళ్లమధ్య చెక్క పట్టుకుని ఏదో గీకుతున్నాడు. బావ ఇత్తడి ఫ్లోటు చూపించి, అచ్చం ఇట్లాంటిదే, నడుమ బెజ్జంతో, చెక్కతో కావాలన్నాడు. సాయిబు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"కాడ యా పక్క రావాల సామీ?"

"కాడ వద్దు."

"కాడ లేకుండా దేంతో కలుపుకుంటారు?"

"కలుపుకునేది కాదు సాయిబూ. తేలాల. అంతే."

"తేలే గరిటె!" అని సాయిబు కాసేపు ఆలోచించి, "పెద్దింటోళ్లకు ఏం కోరికలో" అని గొణుక్కుంటూ పనిలోకి దిగాడు. నునుపుగా, గుండ్రంగా, చక్కగా చెక్కాడు. వద్దంటున్నా అంచు చుట్టూ సన్నటి లత ఒకటి చెక్కాడు. ఉత్త బోసిగా ఇవ్వడానికి ఆయన చేతులు ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చాక పరీక్ష. వసారాలో గంగాళం నిండా నీళ్లు పోసి, బావ ఫ్లోటును అందులో వదిలాడు. తేలింది. హెడ్ కానిస్టేబులు దాన్ని వేలితో అడుక్కు నొక్కిపట్టి వదిలాడు. పైకి లేచింది.

"ఎంత కొట్టినా మాట మార్చలా. నిజమే" అన్నాడు ఆయన.

అక్క గడప అవతల నిలబడి చూస్తోంది.

"ఒరే, దాన్ని పెట్రోలులో ఏసి చూడమని చెప్పు మీ బావకు."

చెప్పాను. నెల్లూరు నుంచి డబ్బాల్లో రావాల్సిన పెట్రోలు. సోడాబుడ్డిలోది కడగడానికే అయిపోయింది, మిగిలిందంతా బండి ట్యాంకులో ఉంది.

"నీళ్లల్లో తేలేది దేంట్లోనైనా తేలతాది. దానికోసం ఉండే పెట్రోలు బయటికి తియ్యాల్నా? నువ్వు చెప్పవయ్యా, బి.ఏ. చదివినోడివి గదా!"

నేను చదివింది చరిత్ర. అందులో ఓడలు మునగడమే ఎక్కువ, తేలడం గురించి పెద్దగా రాయరు. ఆ మాటే చెప్పాను. బావ దాన్ని తన పక్షాన వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. అక్క మంచి చీర కట్టుకుని, సర్టిఫికెట్లున్న గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని, తలకు తువాలు చుట్టుకుని తొట్టిలో కూర్చుంది. నేను బావ వెనక. అత్తమ్మ ఎదురొచ్చింది. హెడ్ కానిస్టేబులు సెల్యూట్ కొట్టాడు. బండి మొదటి తన్నుకే అందుకుంది. ఇంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదు. బావ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

ఊరు దాటాక వెనక నల్లటి పొగ మొదలైంది. మేం పోయిన దారంతా ఎవరో గీత గీసినట్టు కనపడుతోంది.

"పొగ వస్తా ఉండాది బావా!" అని అరిచాను.

"బలం! లోపల బలముండబట్టే పొగ!"

పొద్దున బస్సు ఒక పల్లె దగ్గర ఆగి మేకలను ఎక్కించుకుంటోంది. బావ దాన్ని దాటిపోతూ, ఊరికే దాటిపోకుండా, పక్కన నెమ్మది చేసి డ్రైవరును పిలిచాడు.

"ఏమయ్యో! ఆత్మకూరులో కాఫీ తాగి నీకు ఎదురు రావాల్నా?"

తొట్టిలోంచి అక్క నా మోకాలిమీద పొడిచి, "మీ బావను నోరు మూసుకోమని చెప్పరా" అంది. ఆ మోతలో అది నా దగ్గరే ఉండిపోయింది.

సగం దారి పోయి ఉంటాం. రెండు పక్కలా రాళ్లు, ముళ్లకంపలు, మధ్యలో ఒంటరి రోడ్డు. బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. పెద్దగా ఒక్క పేలుడు పేలి, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక చప్పుడు మాత్రం వినపడింది. కార్బురేటరులోంచి పెట్రోలు బొట్లు బొట్లుగా మట్టిలోకి కారుతోంది. తొట్టి పక్కకు తుంపరలు పడి అక్క చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి.

అక్క పొద్దు వంక చూసింది. ఆత్మకూరు వైపు చూసింది. తర్వాత బావ వంక చూసింది. బావ మొహంలో దిగులు లేదు. కొంచెం వెలుగు ఉంది. భుజంమీది కండువా తీసి రోడ్డు పక్కన పరుస్తున్నాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు. "విప్పితే తెలిసిపోతాది."

విప్పాడు. తెలిసిపోయింది. సాయిబు ఫ్లోటు నిండా పెట్రోలు తాగి, లతతో సహా, గిన్నె అడుగున హాయిగా పడుకుని ఉంది.

అక్క వంగి చూసింది. ఎప్పటిలాగా నా వైపు తిరగలేదు.

"నీళ్లల్లో తేలింది" అంది నేరుగా ఆయనతోనే. "మీ బండి నీళ్లతో నడస్తాదా?"

బావ అలవాటు చొప్పున నా వంక చూశాడు, నేను అందిస్తానేమోనని. అందించాల్సిన అవసరం కనపడలేదు.

"నాకిది ఒక్కటే తూరి" అంది అక్క. "అత్త మళ్లా ఒప్పుకోదు. ఆయమ్మ పదికి పిలస్తాది. నేను ఈడ కంపల్లో నిలబడుండాను, మీరు గరిటెలు ఎండబెడతా ఉండారు."

బావ నిజంగానే దాన్ని ఎండబెడుతున్నాడు. కండువామీద, ఎండ బాగా తగిలేచోట.

గొర్రెలు తోలుకుంటూ ఒకాయన వచ్చి కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. గిన్నె, పరిచిన గుడ్డ, గుడ్డమీద ఈక, చెక్క ముక్క, చుట్టూ కూర్చున్న మేము. కాసేపు చూశాడు.

"ఏం వండతా ఉండారు సామీ?"

అక్కకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, మొహం తువాలులో దాచుకుంది. అప్పుడే మలుపు దగ్గర బస్సు చప్పుడైంది.

అక్క రోడ్డు మధ్యకు పోయి నిలబడింది. చెయ్యి ఎత్తలేదు, సంచిని గుండెలకు అదుముకుని ఊరికే నిలబడింది. బస్సు నిండి ఉంది, మెట్లమీద కూడా జనం. ఆపాల్సిన పనేమీ డ్రైవరుకు లేదు. ముందు అక్కను చూశాడు, కండువామీది సరంజామాను చూశాడు, బావను తీరిగ్గా చూశాడు. బ్రేకు వేశాడు.

"ఏం సారూ, కాఫీ అయిపోయిందా?"

బావ జెట్టును ఎత్తి బెజ్జంలోంచి చూస్తున్నాడు. ఆ దిక్కున కొండ లేదు.

"ఎక్కమ్మా" అన్నాడు డ్రైవరు అక్కతో. "సారు మోటారులో ముందే పోయి దిగతాడులే."

కండక్టరు ఒక కోళ్లగంపను ఇంకొకరి ఒళ్లోకి మార్చి చోటు చేశాడు. అక్క ఎక్కగానే ముక్కు ఎగబీల్చి, "బీడీలన్నీ ఆర్పండయ్యా! ఆయమ్మ మీద పెట్రోలుండాది!" అని కేకేశాడు. ఆ బస్సు చరిత్రలో బీడీలు ఆరడం అదే మొదలు. కిటికీలోంచి అక్క నాకు చివరి ఆజ్ఞ ఇచ్చింది.

"నువ్వు ఆయన దగ్గరుండు. ఇంకేమీ విప్పకుండా చూడు."

బస్సు పోయింది. పల్లెపల్లెకూ మేకలను ఎక్కిస్తూ దించుతూ అది అప్పటికే వెనకబడింది, పదికి చేరుతుందో లేదో మాకు తెలియదు. నేను పొద్దు చూస్తూ కూర్చున్నాను. బావ సాయిబుకు చెక్క చూసే తెలివి లేదన్నాడు, టేకు పెట్టి ఉండాల్సిందన్నాడు. గొర్రెలాయన తనకు తెలిసిన చెక్కల పేర్లు రెండు చెప్పాడు. ఇద్దరికీ మంచి కాలక్షేపమైంది. మధ్యాహ్నానికి ఒక ఎద్దులబండి దొరికింది. దానికి మా బండిని ఎక్కించుకోవడం అప్పటికే అలవాటు.

సాయంకాలం బస్సులో అక్క దిగింది. అత్తమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది, తాను చెప్పాల్సిన మాటను ముందే సిద్ధం చేసుకుని. బావ వసారాలో ఉన్నాడు. అక్క ఎవరి మొహమూ చూడకుండా కాళ్లు కడుక్కుని, లోపలికి పోయి మంచినీళ్లు తాగి వచ్చి, నా పక్కన నిలబడింది.

"మీ బావతో చెప్పు" అంది. "వచ్చినాది."

అత్తమ్మ సిద్ధం చేసుకున్న మాట అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత విషయం మెల్లగా బయటికొచ్చింది. బస్సు ఆలస్యంగానే చేరిందట. అక్కను పిలిచి, రాలేదనుకుని, పక్కన పెట్టేశారట. మిగిలినవాళ్ల పని అయ్యాక ఇన్‌స్పెక్ట్రెసమ్మ లేవబోతూ, గుమ్మంలో వాసన తగిలి తలెత్తిందట.

"ఏమమ్మా, ఈ పెట్రోలు వాసన?"

"మా ఇంట్లో మోటారుందండీ."

"మోటారులో వచ్చి ఆలస్యమా?"

"బస్సులో వచ్చాను గనక ఇప్పటికైనా చేరానండీ."

ఆమె మళ్లీ కూర్చుందట. ఆమె ఇంట్లో కూడా ఎవరికో మోటారు ఉండి ఉండాలి.

అక్కకు ఆత్మకూరులో ఉద్యోగం కాబట్టి కాపురం అక్కడికి మారింది. దాన్ని బావ వేరుగా చెప్పుకునేవాడు, ఆత్మకూరులో బండికి గాలి బాగా తగులుతుందని మారామనేవాడు. పాత ఇత్తడి ఫ్లోటును అక్క ఊరు మారేముందు, తన కమ్మలు సరిచేయించుకోవడానికి పోతూ, ఆచారి దగ్గరికి తీసుకుపోయి అతికించుకొచ్చింది. ఆయన అన్నట్టే మాటల్లో అయిపోయింది. బండి నడిచింది. ఎందుకు నడిచిందో చూద్దామని బావ వెంటనే విప్పాడు.

చెక్క ఫ్లోటు సంగతి మరిచిపోయామనే అనుకున్నాను. కొన్నాళ్లకు నేను ఆత్మకూరు పోయి, అక్కను కలవడానికి బడికి వెళ్లాను. బావ కూడా వెంట వచ్చాడు. తరగతి గదిలో బల్లమీద నీళ్ల గిన్నె ఉంది. అక్క తేలేవీ మునిగేవీ చూపిస్తోంది. రాయి మునిగింది. మేకు మునిగింది. అప్పుడు సంచిలోంచి ఆ లత చెక్కిన గుండ్రటి ముక్క తీసి నీళ్లమీద పెట్టింది. బాగా ఆరిపోయింది కాబోలు, ఎంచక్కా తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కిటికీ బయట బావ నా భుజం తట్టాడు.

"చూసినావా? తేలతాదని నేను ఆపొద్దే చెప్పలా?"